ఉదయం అసెంబ్లీ, సాయంత్రం రవీంద్రభారతి

హైదరాబాదు సైఫాబాదులో ఆకాశవాణి భవనం గేటు దగ్గర నిలబడితే ఒక తరం రేడియో విలేకరి బతుకంతా చుట్టుపక్కలే కనిపిస్తుంది. అటు శాసనసభ, దానికి కూతవేటు దూరంలో 1961లో తెరిచిన రవీంద్రభారతి, ఇంకాస్త నడిస్తే సచివాలయం. పొద్దున ప్రశ్నోత్తరాల వేళకు ప్రెస్ గ్యాలరీలో కూర్చున్న మనిషే సాయంత్రం టేపురికార్డరు భుజాన వేసుకుని కూచిపూడి ప్రదర్శనకో, నాటక పోటీలకో, పుస్తకావిష్కరణకో వెళ్లేవాడు. రాత్రి ఆఫీసుకు తిరిగొచ్చి రెండింటికీ వార్త రాసేవాడు. బడ్జెట్ కేటాయింపులు రాసిన చేతే వెంపటి చినసత్యం నృత్యనాటకం గురించీ రాసేది. కొద్దిమందితో నడిచే ఆ వార్తా విభాగాల్లో "ఇది నా పని కాదు" అంటే కుదరదు.

ఆ ఉద్యోగం పేరు కాగితాల మీద ఇప్పటికీ ఉండవచ్చు. ఆ బతుకు మాత్రం పోయింది.

తెలుగు రేడియోలో వార్త, కళ మొదటి నుంచీ ఒకే ఇంట్లో పెరిగాయి. మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న మొదలైనప్పుడు తెలుగు మాట అక్కడి నుంచే వినిపించింది. నిజాం సర్కారు చేతిలోని దక్కన్ రేడియోను 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియో తీసుకుంది. అంతకు ముందే, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చింది. కడపకు, విశాఖపట్నానికి 1963లో కేంద్రాలు దక్కాయి. వీటిని నడపడానికి మనుషులు కావలసి వచ్చినప్పుడు పాత్రికేయం చదివినవాళ్లను వెతుక్కోవడానికి అప్పట్లో అలాంటి చదువే పెద్దగా లేదు. ఉన్నది కవులు, కథకులు, నటులు, పాటగాళ్లు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, బుచ్చిబాబు, బాలాంత్రపు రజనీకాంతరావు, దాశరథి, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు అందరూ ఏదో ఒక కాలంలో రేడియో జీతం మీద బతికినవాళ్లే. రావూరి భరద్వాజ పెద్ద చదువులు లేకుండానే 1959లో హైదరాబాదు కేంద్రంలో చేరి 1987 దాకా పనిచేశారు. తర్వాత జ్ఞానపీఠం అందుకున్నారు. అలాంటివాళ్లు కారిడార్లలో తిరిగే భవనంలో వార్తల గది కూడా ఉండేది. పొద్దున బులెటిన్‌లో ఒక పేరు తప్పు పలికితే, మధ్యాహ్నం క్యాంటీన్‌లో టీ తాగుతున్న పండితుడెవరో పక్కకు పిలిచి సరిదిద్దేవాడు. ఏ శిక్షణ కేంద్రమూ ఇవ్వలేని చదువు అది.

ఈ కలయిక ఎంత సహజమో చెప్పడానికి ఒక్క రాత్రి చాలు. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి ఢిల్లీ నుంచి నెహ్రూ ప్రసంగం వచ్చింది. దాని వెంటనే మద్రాసు కేంద్రం నుంచి రజనీకాంతరావు రాసి స్వరపరచిన 'మాదీ స్వతంత్ర దేశం' పాట టంగుటూరి సూర్యకుమారి గొంతులో వినిపించింది. దేశానికి అంతకన్నా పెద్ద వార్త లేదు. ఆ వార్తను తెలుగువాళ్లు పాటతో కలిపి విన్నారు.

ఇక ఢిల్లీ కథ. పార్లమెంట్ స్ట్రీట్‌లోని బ్రాడ్‌కాస్టింగ్ హౌస్ నుంచి తెలుగు వార్తలు దశాబ్దాల పాటు వచ్చాయి. ఉదయం సంస్కృత వార్తలు ముగిశాక, ఏడు దాటగానే, "ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది..." అనే మాట వినిపించగానే ఊళ్లలో ఎవరి పని ఎంతవరకు వచ్చిందో లెక్క తేలేది. పాలు పితకడం అయిందా, పిల్లల స్నానాలు అయ్యాయా, మొదటి బస్సు వెళ్లిపోయిందా అన్నది ఆ గొంతును బట్టే తెలుసుకునేవారు. ఆ గొంతుల వెనుక ఉన్నవాళ్లను చూడండి. కంచు కంఠం జగ్గయ్య సినిమాల్లోకి రాకముందు అక్కడ వార్తలు చదివారు. ఆ తర్వాత కథానాయకుడయ్యారు, 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు వెళ్లారు, రవీంద్రుడి గీతాంజలిని తెలుగు చేశారు. జోలెపాళెం మంగమ్మ తెలుగు వార్తలు చదివిన తొలి మహిళగా పేరు పొందారు. అల్లూరి సీతారామరాజు మీద పరిశోధన చేసి పుస్తకం రాసిన చరిత్రకారిణి ఆవిడ. ఏడిద గోపాలరావు అయితే నిఖార్సయిన రంగస్థల నటుడు. 'శంకరాభరణం' నిర్మాత ఏడిద నాగేశ్వరరావుకు తమ్ముడు. పొద్దున బులెటిన్, సాయంత్రం నాటకం రిహార్సల్. గాంధీ పాత్ర కట్టి పేరు తెచ్చుకున్నారు. 2020 నవంబరులో ఆయన పోయినప్పుడు ముఖం తెలియని లక్షలమంది గొంతు గుర్తు చేసుకుని బాధపడ్డారు.

హైదరాబాదులో డి. వెంకట్రామయ్య సంగతీ అంతే. ఏళ్ల తరబడి ప్రాంతీయ వార్తలు చదివిన ఆయన మంచి కథకుడు. రేడియో రోజులను పుస్తకంగా రాసిపెట్టిన అరుదైన మనిషి కూడా.

ఢిల్లీలో ఆ ఉద్యోగం పేరు న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. పేరులో చదవడం ముందున్నా, పనిలో ముందు వచ్చేది రాయడమే. జనరల్ న్యూస్ రూమ్‌లో ఇంగ్లీషులో తయారైన ప్రతిని పూల్ అనేవారు. టెలిప్రింటర్ మీద పీటీఐ, యూఎన్ఐ వార్తలు చుట్టలు చుట్టలుగా దిగుతుంటే, సంపాదకులు వాటిని ఏరి, కుదించి, టైపు చేయించి భాషా విభాగాలకు పంపేవారు. తెలుగువాళ్ల బల్ల మీదకు ఆ కాగితాలు వచ్చేసరికి బులెటిన్‌కు మిగిలే సమయం తక్కువ. కొన్ని చివరి నిమిషంలో వచ్చేవి. నిఘంటువు తిరగేసే తీరిక ఉండదు. ఇంగ్లీషు వాక్యం ఎంత పొడుగ్గా ఉన్నా, చెవికి ఎక్కేలా రెండు మూడు తెలుగు వాక్యాలుగా విరిచి, ఎవరు ఏమన్నారో ముందే తెలిసేలా రాసుకోవాలి. పత్రిక పాఠకుడు అర్థం కాకపోతే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకుంటాడు. రేడియో శ్రోతకు ఆ అవకాశం లేదు. అందుకే ఆ తెలుగు అంత తేటగా ఉండేది. పదేళ్ల పిల్లవాడికీ, బడి ముఖం చూడని ముసలమ్మకూ ఒకేలా అర్థమయ్యేది. తెలుగు వచనం గురించి రాసే సాహిత్య చరిత్రల్లో ఈ బులెటిన్లకు ఇప్పటికీ చోటు దక్కలేదు. దక్కాలి.

స్టూడియో లోపలి పద్ధతి వేరు. కాగితాలకు గుండుసూది గుచ్చకూడదు, దారం కట్టకూడదు. ఒకవైపే రాసి, విడివిడిగా పేర్చుకుని, చదివిన కాగితాన్ని తిప్పకుండా నెమ్మదిగా పక్కకు జరపాలి. మైకుకు ఆ గరగర వినిపించకూడదు. ఎదుట గోడగడియారం, దాంట్లో సెకన్ల ముల్లు. సమయ సంకేతం పిప్ పిప్ మని మోగి ఆగగానే ఎర్రదీపం వెలుగుతుంది. దగ్గు వస్తే మైకు ఒక్క లిప్తపాటు ఆపుకోవడానికి చేతి దగ్గర ఒక మీట. ముఖ్యాంశాలు, వివరాలు, మళ్లీ ముఖ్యాంశాలు అన్నీ పది నిమిషాల్లో ముగియాలి. సగంలో తలుపు తెరుచుకుని ఎవరో కొత్త కాగితం తెచ్చి చేతికిస్తే, ముందుగా ఒక్కసారి కూడా చూసుకోని ఆ వార్తను అదే స్వరంతో, అదే నడకతో చదవాలి. పడిపోయినది ప్రభుత్వమైనా, కూలిపోయినది విమానమైనా గొంతు వణకకూడదు. నాటకాల్లో ఆరితేరినవాళ్లు ఈ పనిలో ఎందుకు రాణించారో ఇక్కడే తెలుస్తుంది. వాళ్లకు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలుసు, భావాన్ని ఎంతవరకు అదుపులో పెట్టాలో తెలుసు.

కళల వార్తకు మాత్రం కాగితం చాలదు, ధ్వని కావాలి. కచేరీకి వెళ్లిన విలేకరి భుజం మీద వేలాడేది స్పూల్ టేపురికార్డరు. దాని బరువుకు సాయంత్రానికి భుజం వాచిపోయేది. ఏడంగుళాల స్పూల్ మీద 1200 అడుగుల టేపు. సెకనుకు ఏడున్నర అంగుళాల వేగంతో నడిపితే అరగంట పైచిలుకు వస్తుంది. విద్వాంసుడు రాగాలాపన అందుకుంటే ఆ అరగంట ఇట్టే అయిపోతుంది కాబట్టి, ఎక్కడ మీట నొక్కాలో, ఎక్కడ ఆపాలో సంగీతం తెలిసినవాడే నిర్ణయించగలడు. ముక్తాయింపు ముందు టేపు అయిపోతే ఆ వార్త పనికిరాదు.

ఎడిటింగ్ ఇంకా ముచ్చటైన పని. టేపును యంత్రం మీద పెట్టి రెండు చేతులతో స్పూళ్లను అటూ ఇటూ మెల్లగా తిప్పుతారు. ధ్వని గుర్రుగుర్రుమంటూ సాగి, మాట మొదలయ్యే చోట ఒక్కసారి తెగుతుంది. అక్కడ మైనపు పెన్సిల్‌తో గీత. మాట ముగిసే చోట ఇంకో గీత. టేపును గాడి ఉన్న దిమ్మెలో పరిచి, షేవింగ్ బ్లేడుతో ఏటవాలుగా కోసి, రెండు కొసలూ కలిపి అంటింపు టేపు వేసి గోటితో రుద్దుతారు. ఒక సెకను మౌనం అంటే ఏడున్నర అంగుళాలు. ఎవరైనా పెద్దాయన మాట్లాడుతూ మధ్యలో తడుముకుంటే ఆ తడబాటు అరచేతి పొడవు టేపుగా నేల మీద పడేది. అనుభవం ఉన్నవాళ్లు కోసిన ముక్కలను వెంటనే పారేయరు. వరసగా మెడలో వేసుకుంటారు. ఊపిరి కూడా కోసేస్తే మాట మరబొమ్మ మాటలా వినిపిస్తుంది, అప్పుడు ఆ ఊపిరిని వెతికి మళ్లీ అతికించాలి.

జిల్లాల్లో పార్ట్‌టైమ్ విలేకరులు ఉండేవారు. వాళ్లలో ఎక్కువమంది లెక్చరర్లు, వకీళ్లు, పత్రికల్లో పనిచేసేవాళ్లు. టెలిగ్రామ్ ఇవ్వాలి, లేదా ట్రంక్ కాల్ బుక్ చేసుకుని గంటల తరబడి తపాలా ఆఫీసు బెంచీ మీద కూర్చోవాలి. లైను కలిశాక అవతలివాడికి వినిపించేలా గొంతెత్తి చెబితే, వార్త రేడియోలో రాకముందే వీధి మొత్తానికి తెలిసిపోయేది. ఊళ్లో సురభి నాటకాలు ఆడుతున్నా, తోలుబొమ్మలాట మేళం దిగినా, అన్నమయ్య ఉత్సవం జరిగినా వాళ్లు ఒక ముక్క పంపేవారు. అది ప్రాంతీయ వార్తల చివర్లో రెండు వాక్యాలుగా వచ్చేది. ఆ రెండు వాక్యాల కోసం ఆ బృందమంతా పంచాయతీ రేడియో కింద చేరేది.

ఈ వృత్తి గంభీరత తెలియాలంటే తుపాను రోజులు గుర్తు చేసుకోవాలి. సముద్రంలో వాయుగుండం ఎక్కడుందో, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ఎన్నో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారో, మత్స్యకారులు వేటకు వెళ్లరాదన్న హెచ్చరికేమిటో, ఇవన్నీ గంట గంటకూ మార్చి చదవాలి. కోస్తా పల్లెల్లో అప్పుడు మరో ఆధారం లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి వేలమందిని మింగేసినప్పుడు రోడ్లు తెగిపోయాయి, టెలిఫోన్ తీగలు తెగిపోయాయి. రోజూ కచేరీల్లో, కవిసమ్మేళనాల్లో ధ్వని పట్టిన రికార్డర్లే శవాల మధ్య బతికి మిగిలినవాళ్ల ఏడుపును పట్టవలసి వచ్చింది. 1990 మేలో అంతటి తుపాను మళ్లీ కోస్తాను కొట్టినప్పుడు మృతుల సంఖ్య వెయ్యికి లోపే ఆగింది. జనాన్ని ముందే తరలించారు, హెచ్చరికలు పల్లె పల్లెకూ చేరాయి. ఆ చేర్చిన పనిలో రేడియో గొంతుకు పెద్ద వాటా ఉంది.

ఒక లోపం చెప్పకుండా దాటేయకూడదు. అది సర్కారు రేడియో. మంత్రి పర్యటనకు ముందు వరస, ప్రజల గొడవకు వెనక వరస. ఎమర్జెన్సీలో సెన్సారు చెప్పినదే వార్త. 1984 అక్టోబరు 31న ఇందిరాగాంధీని కాల్చిచంపిన వార్త బీబీసీలో ముందే వచ్చేసినా, ఆకాశవాణి సాయంత్రం ఆరు గంటల దాకా మరణాన్ని ప్రకటించలేదు. ఖరారు కానిది చదవకూడదన్న నియమం ఎంత మంచిదో, పై నుంచి అనుమతి రాకపోతే నోరు విప్పకూడదన్నది అంత చెడ్డది. లోపల పనిచేసినవాళ్లలో చాలామందికి ఈ బాధ ఉండేది. కళల విభాగంలో మాత్రం వాళ్లకు కొంత స్వేచ్ఛ దొరికింది. ఏ గాయకుణ్ణి పిలవాలి, ఏ నాటకం వేయాలి అన్నది ఎక్కువగా అభిరుచి ఉన్నవాళ్లే నిర్ణయించారు. విజయవాడ పున్నమ్మతోట నుంచి ఉషశ్రీ పురాణ ప్రవచనం వచ్చే ఆదివారాలు, భద్రాచలం సీతారామ కల్యాణ వ్యాఖ్యానం, తిరువయ్యూరు త్యాగరాజ ఆరాధన ప్రసారం అన్నీ ఆ అభిరుచి పుణ్యమే.

టీవీ వచ్చాక కూడా కొన్నాళ్లు పాత పద్ధతే నడిచింది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైనా తెలుగు వార్తలకు ఆరేళ్లు ఆగాలి. 1983 నవంబరు 14న రామంతాపూర్ స్టూడియో నుంచి శాంతిస్వరూప్ తొలి తెలుగు టీవీ వార్తలు చదివారు. అప్పటికి టెలిప్రాంప్టర్ లేదు. చేతిలో కాగితాలు, ఎదుట కెమెరా. తల దించుకుని చదివితే ఎవరికి చెబుతున్నట్టు? అందుకని వాక్యాలను ముందే కంఠతా పట్టి, తలెత్తి, ఇంట్లో కూర్చున్నవాళ్ల కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. ఏళ్ల తరబడి అలాగే చదివారు. ఆయన కూడా రచయితే. భోపాల్ గ్యాస్ దుర్ఘటన మీద 'రాతి మేఘం' అనే నవల రాశారు. బులెటిన్‌లో కొద్ది వాక్యాల్లో ముగిసే దుర్ఘటనను నవలగా రాయాలని తోచిందంటే, వార్త చదివాక అది ఆయన్ను వదల్లేదన్నమాట. 2011లో ఉద్యోగ విరమణ చేశారు. 2024 ఏప్రిల్ 5న కన్నుమూశారు.

తర్వాతి మార్పు త్వరగానే వచ్చింది. 1995లో ఈటీవీ, 2004లో ఇరవై నాలుగు గంటల వార్తల టీవీ9. స్పూళ్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. బ్లేడు, మైనపు పెన్సిల్ మూలన పడ్డాయి. పనిముట్లు మారడం వల్ల నష్టమేమీ లేదు, కోయడం సులువైతే మంచిదే. నష్టం ఎక్కడ జరిగిందంటే, వార్తలవాళ్లు, కళలవాళ్లు రెండు వేర్వేరు లోకాలైపోయారు. నేడు వార్తా ఛానల్లో కళ అంటే దాదాపుగా సినిమా ఒక్కటే. ఒక వీణ విద్వాంసుడు పోతే తెర అడుగున పాకే వరసలో పేరు కనిపిస్తుంది, అదీ తప్పుల్లేకుండా ఉంటే అదృష్టం. ఆయన ఏ బాణీ వాయించాడో, ఎవరి శిష్యుడో చెప్పగలిగినవాడు డెస్క్ మీద ఉండడు. ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్లకు సొంత వార్తలు చెప్పే హక్కే లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వేసుకోవలసిందే. దాంతో కొత్త తరం రేడియో గొంతులకు వార్త చదివే సాధనే లేకుండా పోయింది. పాత కేంద్రాల్లో విరమణ చేసినవాళ్ల స్థానాలు చాలా చోట్ల ఖాళీగా ఉంటున్నాయి, క్యాజువల్ ఉద్యోగులతో బండి నడుస్తోంది. వాళ్లలో ప్రతిభావంతులు లేరని కాదు. ఇరవై ఏళ్లు ఒకచోట కుదురుగా కూర్చుని అటు శాసనసభనూ ఇటు సంగీతాన్నీ నేర్చుకునే వీలు వాళ్లకు లేదు.

అన్నిటికన్నా పెద్ద దుఃఖం టేపులది. అప్పట్లో స్పూళ్లు ఖరీదు, కొరత కూడా. ప్రసారం అయిపోగానే టేపును అయస్కాంత యంత్రం మీద పెట్టి చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. వార్తా విభాగం టేపులకైతే ఆ గతి ఎక్కువ. కొందరు పెద్దల కచేరీలు, నాటకాలు భద్రపరిచారు, కొన్ని డిజిటల్‌లోకి మారాయి. కాని రోజువారీ బులెటిన్లు, జిల్లా విలేకరుల ముక్కలు, రవీంద్రభారతిలో పట్టిన ఇంటర్వ్యూలు చాలావరకు తిరిగిరావు.

అయితే శ్రోతల దగ్గర ఉన్నవి ఉన్నాయి. 1980లలో టూ ఇన్ వన్‌లు వచ్చాక, నచ్చిన కార్యక్రమాన్ని ఇంట్లోనే కేసెట్ మీద పట్టుకున్నవాళ్లు వేలమంది. ఉషశ్రీ ప్రవచనం చివర్లోనో, నాటకం మొదట్లోనో అనుకోకుండా నాలుగు వాక్యాల వార్తలు కూడా పడి ఉంటాయి. మీ ఇంట్లో అటక మీద అలాంటి కేసెట్లు ఉంటే చెత్తలో పడేయకండి. తేమ తగలకుండా తీసి, పనిచేసే ప్లేయర్ దొరికితే ఫోన్‌లోకి ఎక్కించండి, పైన తేదీ రాయండి, దగ్గరలోని ఆకాశవాణి కేంద్రానికో, గ్రంథాలయానికో, విశ్వవిద్యాలయానికో ఒక ప్రతి ఇవ్వండి. మీకు తెలిసిన పాత రేడియో ఉద్యోగి ఎవరైనా ఉంటే ఈ నెలలోనే వెళ్లి కలవండి. ఆయన చెప్పేది రికార్డు చేసుకోండి. ఆ తరంలో మిగిలినవాళ్లు చాలామంది ఎనభై దాటినవాళ్లు.